పేద పిల్లలకు ఉచిత సంగీతం తరగతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ బడిలోనో, సంక్షేమ హాస్టల్లోనో, బస్తీ కమ్యూనిటీ హాల్లోనో పిల్లలకు ఉచితంగా సంగీతం చెప్పించాలనుకునేవాళ్ళ కోసం ఈ పేజీ. ఇక్కడి వివరాలన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తరగతి నడపడానికి పనికొచ్చేవే.

మా దగ్గర కొంత డబ్బుంది. ముందు వాయిద్యాలు కొనమంటారా?

వద్దు. వాయిద్యాలు లేక ఆగిపోయిన తరగతులు అరుదు. మాస్టారికి నెలనెలా జీతం అందక ఆగిపోయినవే ఎక్కువ. అందుకే చేతిలో డబ్బు పడగానే మొదట మాస్టారి పది నెలల జీతం పక్కన పెట్టండి. మొదటి ఏడాది గాత్రంతో, చేతి తాళంతో గడిచిపోతుంది. దానికి కావలసినవి నాలుగే: ఒక గది, రెండు జంపఖానాలు, ఒక నల్లబల్ల, శ్రుతి. శ్రుతికి ఎలక్ట్రానిక్ తంబూరా ఉంటే మంచిదే. లేకపోతే ఫోన్లో తంబూరా యాప్, దానికో చిన్న స్పీకరు సరిపోతాయి. ఫోన్ స్పీకరు ఒక్కటే ఇరవై మంది గొంతుల మధ్య వినబడదు. బ్యాటరీతో నడిచే స్పీకరే కొనండి, కరెంటు పోయినప్పుడు శ్రుతి ఆగకూడదు.

నెలకు ఎంత ఖర్చవుతుంది?

ఇరవై మంది పిల్లలు, వారానికి రెండు తరగతులు అనుకుందాం. నెలకు ఎనిమిది తరగతులు. తరగతికి రూ.600 చొప్పున మాస్టారికి రూ.4,800, రానుపోను బస్సు ఖర్చులు రూ.800. పిల్లల తిండికి తలకు రూ.12 చొప్పున రూ.1,920. చిల్లర ఖర్చులకు రూ.500. మొత్తం రూ.8,020. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు పోను పది నెలలకు రూ.80,200, అంటే ఒక్కో పిల్లకు ఏడాదికి రూ.4,010. మీ ఊళ్ళో మాస్టార్లు తీసుకునే మొత్తాన్ని బట్టి మొదటి అంకె మార్చుకోండి, అంతేగాని "సేవ కదా" అని దాన్ని సున్నా చేయకండి. ఉచితంగా చెప్పే మాస్టారికి పెళ్ళి కచేరీ వచ్చిందంటే ఆ రోజు తరగతి ఉండదు. ఆయన్ని తప్పుపట్టలేం, ఆయన ఇల్లు గడవాలి.

తిండి ఖర్చు తప్పనిసరా?

తప్పనిసరే. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న పిల్ల సాయంత్రం నాలుగున్నరకు పాడాలి. ఖాళీ కడుపుతో ఊపిరి నిలవదు, తారషడ్జం (పై స) దగ్గర గొంతు తెగిపోతుంది. దాన్ని చూసి ఆ పిల్లకు గొంతు లేదని పొరబడతారు. ఉడికించిన శనగలు, పల్లీ చిక్కి, అరటిపండు, వీటిలో ఏదో ఒకటి చాలు. తరగతికి పావుగంట ముందు పెట్టండి, చివర్లో కాదు. చివర్లో పెడితే పిల్లల చూపు పాఠం మీద కాక సంచీ మీదే ఉంటుంది. ఘంటసాల విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. ఆయన గురువు పట్రాయని సీతారామశాస్త్రిగారు సంగీతం ఉచితంగానే చెప్పారు. గురువు దొరికినా అన్నం కోసం ఇల్లిల్లూ తిరగాల్సిన అవసరం ఇవాళ ఏ పిల్లకూ రాకూడదు.

బడిలో మొదలుపెట్టాలంటే ఎవరి అనుమతి కావాలి?

ముందు ప్రధానోపాధ్యాయుల్ని కలవండి. ఆయనో ఆవిడో ఒప్పుకుంటే ఎంఈఓకు (మండల విద్యాధికారి), అక్కణ్ణుంచి డీఈఓకు (జిల్లా విద్యాధికారి) ఉత్తరం వెళ్తుంది. సంక్షేమ హాస్టల్ అయితే వార్డెన్ ద్వారా జిల్లా సంక్షేమ అధికారికి రాయాలి. గురుకులమైతే ప్రిన్సిపాల్ ద్వారా దాన్ని నడిపే సొసైటీకి రాయాలి. ఉత్తరంలో ఇవి ఉండాలి: ఏ రోజులు, ఏ వేళ, ఏ గది, మాస్టారి పేరు, ఆధార్ నకలు, ఖర్చంతా మీదేనన్న మాట, పిల్లల దగ్గర పైసా తీసుకోబోమన్న మాట. జూన్‌లో బడులు తెరిచిన రెండు మూడు వారాలకు వెళ్ళండి. పరీక్షల ముందు వెళితే ఎవరైనా "వచ్చే ఏడాది చూద్దాం" అనే అంటారు. పదో తరగతి పిల్లల్ని అడగకండి. వాళ్ళకు సాయంత్రం ప్రత్యేక తరగతులు ఉంటాయి, వాళ్ళను లాగితే హెడ్మాస్టరుతో సంబంధం చెడుతుంది.

ఒక్క బడిలో తరగతి నడపడానికి సంస్థ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. విరాళాలు పోగుచేయాలనుకుంటే మాత్రం కావాలి. 2001 నాటి సొసైటీల చట్టం కింద సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. దాతలకు పన్ను మినహాయింపు ఇప్పించాలంటే ఆదాయపు పన్ను శాఖ అనుమతి (80జీ అని పిలిచేది) ఉండాలి. అది ఉన్నా, రూ.2,000 దాటిన నగదుకు దాతకు మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారానే తీసుకోండి.

ఏ వయసు పిల్లలు, ఎంతమంది?

నాలుగో తరగతి నుంచి ఏడో తరగతి దాకా మేలు. ఒక జట్టుకు ఇరవై మందికి మించొద్దు. చేరేటప్పుడు పాట పరీక్ష పెట్టకండి. ఇంట్లో ఎప్పుడూ శ్రుతి వినని పిల్ల మొదటి రోజు కలపలేకపోవడం సహజం. ఆ పరీక్ష పెడితే ఇంట్లో కొంచెమైనా సంగీతం ఉన్న పిల్లలే గట్టెక్కుతారు, ఎవరికోసం తరగతి పెట్టామో వాళ్ళే బయటుండిపోతారు.

మొదటి మూడు నెలలు ఏం చెప్పాలి?

మొదటి రెండు వారాలు పుస్తకం, స్వరలిపి ఏవీ వద్దు. తంబూరా పెట్టి షడ్జం ఒక్కటే పట్టించండి, పది లెక్కపెట్టేదాకా ఆపకుండా. ఆ తర్వాత స-ప-స. పక్కనే తాళం: ఆదితాళంలో ఒక దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ-ఉసి, దెబ్బ-ఉసి (ఉసి అంటే చేయి తిప్పి వేయడం), మొత్తం ఎనిమిది. చిటికెనవేలితో మొదలుపెట్టి లెక్కించడం పిల్లలకు మొదట్లో తిరగబడుతుంది. కొందరు చూపుడువేలితో మొదలుపెడతారు. పాటతో పాటే దిద్దబోతే రెండూ చెడతాయి. పాట ఆపి, తాళం ఒక్కటే రెండు రోజులు వేయించండి.

మూడో వారం నుంచి సరళీ వరుసలు, అంటే స-రి-గ-మ-ప-ద-ని-స ఎక్కి దిగే మొదటి పాఠాలు. పురందరదాసు ఏర్పరిచారని చెప్పే ఈ క్రమం మాయామాళవగౌళ రాగంలో ఉండటానికి ఒక సౌకర్యం కనిపిస్తుంది: స-రి-గ-మ మధ్య ఎంతెంత ఎడం ఉందో ప-ద-ని-స మధ్యా అంతే ఉంటుంది. కింది భాగం పట్టుబడిన పిల్లకు పై భాగం సగం వచ్చినట్టే. చిక్కల్లా ఈ రాగంలోని రి, అంటే శుద్ధ రిషభంతో. అది షడ్జానికి మరీ దగ్గర. పెద్ద జట్టులో సగం మంది దాన్ని ఇంకా పైనుండే చతుశ్రుతి రిషభం చేసి పాడేస్తారు, మాస్టారికి ఆ హోరులో తెలియదు. అందుకే ప్రతి తరగతిలోనూ ఐదుగురు ఐదుగురుగా విడదీసి ఒక్కసారైనా వినాలి. మిగతా పదిహేను మంది అప్పుడు తాళం వేస్తారు, ఖాళీగా కూర్చోరు.

మూడు కాలాల (వేగాల) కోసం తొందరపడకండి. మొదటి కాలం శ్రుతిలో నిలిచాకే రెండోది. మూడో కాలం పిల్లలకు ఆటలా ఉంటుంది, గబగబా పరుగెడతారు. అక్కడే స్వరస్థానాలన్నీ మాసిపోతాయి.

తరగతి అరవై నిమిషాలు అనుకుంటే ముప్ఫై నిమిషాలు స్వరాలు, పది నిమిషాలు తాళం, చివరి ఇరవై నిమిషాలు ఏదో ఒక పాటో పద్యమో. వట్టి సరళీ వరుసలతో మూడు నెలలు కూర్చోబెడితే సగం మంది మిగలరు. తెలుగు వాచకంలోని వేమన, సుమతి పద్యాలను మోహన రాగంలోనో, ఆనందభైరవిలోనో పాడించండి. పిల్లలకు పద్యం కంఠతా వస్తుంది, తెలుగు మాస్టారు మీ పక్షాన నిలబడతారు. పద్యం రాగంలో పాడుకోవడం మన నాటకాల నుంచి మనకున్న ఆస్తి, దాన్ని వాడుకోకపోవడం నష్టం.

పిల్లలు పాడరు, అరుస్తారు. ఏం చేయాలి?

చాలాసార్లు తప్పు శ్రుతిది. మాస్టారు తన ఒకటి శ్రుతిలో (అంకె పెరిగేకొద్దీ శ్రుతి పైకి) పాడితే పిల్లలు ఆయన గొంతును అనుకరించబోయి కిందికి జారి గొణుగుతారు, లేదా పైకి ఎగిరి అరుస్తారు. పిల్లలకు నాలుగుకూ ఐదున్నరకూ మధ్య శ్రుతి ఉండాలి. నాలుగున్నరతో మొదలుపెట్టండి. తారషడ్జం దగ్గర మెడ నరాలు బిగుసుకున్నా, గడ్డం పైకి లేచినా అర శ్రుతి తగ్గించండి. మగ గొంతు మాస్టారైతే వయొలిన్ మీద వాయించి చూపడమో, బాగా పాడే పెద్దపిల్ల చేత పాడించడమో చేయాలి. గొంతు బొంగురుపోయిన పిల్లను వారం పాటు తాళానికి పరిమితం చేయండి.

శ్రుతి సరిచేశాక కూడా ఒకే స్వరం మీద నిలిచిపోయే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళ దగ్గర పిల్లను తంబూరాకు తేవడం కన్నా, ఆ పిల్ల ఏ స్వరంలో ఉందో దాన్నే మాస్టారు పాడి, కలిసిందని పిల్లకు తెలిశాక అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా పైకి తీసుకెళ్ళాలి. నోరు మూసి హమ్ చేయిస్తే తొందరగా కలుస్తుంది. "నువ్వు పెదవులు మాత్రం కదుపు" అని ఏ పిల్లతోనూ అనకూడదు. ఆ మాట పడ్డ పిల్ల మళ్ళీ గొంతు విప్పదు.

కర్ణాటక సంగీతమే చెప్పాలా?

అక్కర్లేదు. డప్పు, ఒగ్గుకథ, బుర్రకథ తెలిసిన కళాకారులు మీ మండలంలోనే ఉండొచ్చు. వాళ్ళను మాస్టార్లుగా పిలవండి, సంగీతం మాస్టారికి ఇచ్చే జీతమే ఇవ్వండి. డప్పు వాయించే ఇంటి పిల్ల తన తండ్రినో తాతనో బడిలో కుర్చీలో కూర్చోబెట్టి "మాస్టారూ" అని పిలవడం చూస్తే, ఆ పిల్ల తల ఎత్తుకుని నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: దళిత పిల్లలకు డప్పు, మిగతావాళ్ళకు గాత్రం అని ఎప్పుడూ విడదీయకండి. జట్టు మొత్తానికీ రెండూ చెప్పండి.

కీర్తనలు దాదాపు అన్నీ దేవుడి పాటలే కాబట్టి ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ముందే చెప్పి అడగాలి. స్వరాలు, అలంకారాలు, పద్యాలు, జోలపాటలు, నాట్ల పాటలతో రెండేళ్ళ పాఠం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. లంబాడీ, కోయ పిల్లలుంటే వాళ్ళ అమ్మమ్మల పాట ఒకటి జట్టుకంతా నేర్పించండి.

రెండో ఏడు వాయిద్యం కొనాలంటే ఏది మేలు?

మాస్టారికి ఏది వచ్చో అదే. అది తేలాక ఈ సంగతులు చూసుకోండి.

డప్పు: చవక, గట్టిది, ఒకేసారి పది మంది వాయించొచ్చు. తోలు డప్పు వానాకాలంలో చెమ్మ పీల్చి వదులై బొదబొదమంటుంది. గడ్డిమంట దగ్గర జానెడు దూరంలో పట్టుకుని తిప్పుతూ కాచాలి. ఒకేచోట ఉంచితే తోలు చిట్లుతుంది. కాచే పని పెద్దవాళ్ళదే. కుడిచేతికి సిర్ర (లావు పుల్ల), ఎడమచేతికి సన్నని సిటికెనపుల్ల. పుల్లలు తరచూ విరుగుతాయి, డప్పుకు నాలుగు జతలు ఉంచుకోండి.

వేణువు: చవకే, కాని ఎవరిది వాళ్ళకే ఉండాలి, నోటి వాయిద్యం పంచుకోకూడదు. చిన్న చేతులకు ఎక్కువ శ్రుతి ఉన్న పొట్టి వేణువు కొనండి. పొడుగుది కొంటే వేళ్ళు రంధ్రాలను పూర్తిగా మూయలేక కీచుమంటుంది, పిల్ల తనకు రాదనుకుని వదిలేస్తుంది.

వయొలిన్: ఇక్కడ జరిగే తప్పు సైజు. ఎనిమిదేళ్ళ పిల్లకు పెద్దవాళ్ళ వయొలిన్ పనికిరాదు. ఆరు నుంచి ఎనిమిదేళ్ళకు అర సైజు, తొమ్మిది నుంచి పదకొండుకు ముప్పావు, ఆ పైన నిండు సైజు. వయసు కన్నా చేయి కొలతే నమ్మకం: ఎడమచేయి చాచితే వయొలిన్ తల అరచేతిలో ఒదిగి, వేళ్ళు దాన్ని చుట్టుకోగలగాలి. వాయించాక కమాను వదులు చేయాలి, లేకపోతే కర్ర వంపు పోతుంది. బిరడాలు పిల్లలు తిప్పితే తీగలు తెగుతాయి. శ్రుతి చేయడం మాస్టారి పనిగా ఉంచి, అదనంగా రెండు జతల తీగలు కొనిపెట్టుకోండి.

మృదంగం: కుడివైపు ముఖం, వలంతల, శ్రుతికి సరిపడాలి, కాబట్టి పిల్లల శ్రుతి చెప్పి చేయించాలి. ఎడమవైపు తొప్పికి వాయించే ముందు రవ్వ ముద్ద పెట్టి, వాయించాక తీసేసి తుడవాలి. తుడవకపోతే తోలు పాడవుతుంది, ఎలుకలు కొరుకుతాయి. మూత మార్చేవాళ్ళు మీ ఊళ్ళో లేకపోతే కొనే ముందు ఆలోచించండి.

కంజీర కొంటే మేక తోలుదో, సింథటిక్‌దో తీసుకోండి. ఉడుము తోలు కంజీర అమ్మడం, కొనడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

కీబోర్డు మీద గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకదు. శ్రుతి పట్టుకోవడానికి, సినిమా పాటలకు బాగుంటుంది, సరళీ వరుసలకు తోడుగానే వాడండి. వీణ మంచిదే, కాని బడికి ఒకే వీణ ఇస్తే అది బీరువా పక్కన నిలబడుతుంది.

ఎవరో పాత వాయిద్యాలు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

చూసి తీసుకోండి. హార్మోనియం అయితే మెట్లేవీ నొక్కకుండా తిత్తి నింపి వదలండి. వెంటనే కూలిపోతే గాలి కారుతున్నట్టు. వయొలిన్ అయితే తీగలను ఎత్తిపట్టే గుర్రం (బ్రిడ్జి) కింద, రంధ్రంలోంచి లోపలికి చూడండి. నిలువుగా చిన్న కర్ర ఉండాలి, పడిపోయి ఉంటే తీగలు బిగించకండి, పైపలక కుంగిపోతుంది. వీణ అయితే మెట్ల కింద మైనం పగిలిందేమో చూడాలి. మేళం మళ్ళీ కట్టించడం, అంటే మెట్లను మైనంలో తిరిగి నిలబెట్టించడం, ఖర్చుతో కూడిన పని, చేసేవాళ్ళూ తక్కువే. బాగుచేయించే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మర్యాదగా వద్దనండి.

ఇంటి దగ్గర సాధన చేయడం లేదు.

ఒకే గది ఇల్లు, పక్కన టీవీ, నిద్రపోయే పసిపిల్ల. అక్కడ సాధన జరగదు, దానికి పిల్లను తిట్టి లాభం లేదు. తరగతికి అరగంట ముందు గది తెరిచి ఉంచండి, సాధన అక్కడే. మాస్టారి చేత రెండు నిమిషాల లోపు ఆడియో ఒకటి, ఒకే వరుస, వెనక తంబూరాతో చేయించి అమ్మానాన్నల వాట్సాప్‌కు పంపండి. ఇంటి ఫోను రాత్రి ఎనిమిదికి గాని ఇల్లు చేరదు, వీడియో పంపితే డేటా చాలదు.

ఏడో తరగతి దాటగానే పిల్లలు మానేస్తున్నారు.

ఆడపిల్లలైతే చీకటి పడటం మొదటి కారణం. చలికాలంలో ఐదున్నరకల్లా వదిలేయండి, నలుగురు నలుగురుగా ఒకే వీధివాళ్ళు కలిసి వెళ్ళేలా చూడండి. తమ్ముణ్ణి చూసుకోవాలని ఇంట్లో ఆపేస్తుంటే తమ్ముణ్ణీ తెచ్చుకోమనండి, జంపఖానా మీద ఓ మూల కూర్చుంటాడు.

మగపిల్లలకు పన్నెండు, పదిహేనేళ్ళ మధ్య గొంతు మారుతుంది. జట్టు నవ్వుతుంది, పిల్లవాడు రావడం మానేస్తాడు. ఇది వస్తుందని ముందే చెప్పండి. ఆ నెలల్లో డప్పో మృదంగమో అప్పగించి, పాట తక్కువగా, కింది శ్రుతిలో పాడించండి. గొంతు కుదురుకున్నాక తిరిగొస్తాడు.

చూపు సరిగా లేని పిల్లలను చేర్చుకోవచ్చా?

తప్పకుండా. ద్వారం వెంకటస్వామినాయుడుగారు చూపు మందగించి బడి మానాల్సి వచ్చింది. వయొలిన్ నేర్చి, విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యులయ్యారు, 1936లో ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. పాఠమంతా నోటితో చెప్పండి, తాళం వేళ్ళను మొదట్లో చేయి పట్టి చూపండి. చేయి పట్టే ముందు చెప్పండి. రోజూ ఒకేచోట కూర్చోబెట్టండి.

పిల్లల భద్రతకు ఏం చేయాలి?

తలుపు తెరిచే ఉండాలి. మాస్టారు కాక మరో పెద్దమనిషి, వీలైతే ఒక మహిళ, తరగతి అంతసేపూ ఉండాలి. ఒక్క పిల్లకు విడిగా పాఠం వద్దు. పిల్లలకు మాస్టారు నేరుగా మెసేజీలు పంపకూడదు, అమ్మానాన్నల నంబరుకే. ఏదైనా అనుమానం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కు గాని పోలీసులకు గాని చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం. "బడి పేరు పోతుంది" అని సర్దిచెప్పేవాళ్ళ మాట వినకండి. ఫోటోలకు అమ్మానాన్నల సంతకం కావాలి. దాత పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లల ఫోటో అసలు వద్దు.

మాస్టారు ఏడాది మధ్యలో వెళ్ళిపోతే?

ఏ పిల్ల ఏ వరుస దాకా వచ్చిందో రాసిన రిజిస్టరు ఉంటే కొత్త మాస్టారు వారంలో అందుకుంటారు. అది లేకపోతే అందరినీ మళ్ళీ మొదటి సరళీ వరుస దగ్గర కూర్చోబెడతారు, పెద్దపిల్లలు విసిగి వెళ్ళిపోతారు. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో డిప్లొమా చదివే విద్యార్థుల్ని అడగండి. వాళ్ళకు ఆ జీతం ఆసరా అవుతుంది.

బాగా పాడే పిల్లను తర్వాత ఎక్కడికి పంపాలి?

సికింద్రాబాద్‌లో భక్త రామదాసు, హైదరాబాద్‌లో శ్రీ త్యాగరాజ, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్న ప్రభుత్వ కళాశాల, 1919లో మొదలైన విజయనగరం మహారాజా కళాశాల ఉన్నాయి. తిరుపతిలో టీటీడీ వారి సంగీత నృత్య కళాశాల, నాదస్వరం, డోలు పాఠశాల ఉన్నాయి. ఫీజు కన్నా బస్సు ఖర్చులే పిల్లను ఆపుతాయి. బస్ పాస్‌కు డబ్బు కేటాయించండి.

కేంద్ర సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్ 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు. సంప్రదాయ కళాకారుల ఇళ్ళ పిల్లలకు అందులో విడిగా కొన్ని ఉంటాయి. సీసీఆర్‌టీ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ఎవరి దగ్గర ఎంతకాలం నేర్చుకున్నదీ చూపాల్సి వస్తుంది, అందుకూ రిజిస్టరే ఆధారం. ఆధార్‌లో, బడి రికార్డులో పుట్టినతేదీలు తేడాగా ఉంటే ముందే దిద్దించండి. చివరి వారంలో దరఖాస్తులు ఆగిపోయేది అక్కడే. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకైతే 2015 నుంచి జరుగుతున్న కళా ఉత్సవ్ పోటీలున్నాయి, బడి ద్వారానే పేరివ్వాలి.

అమెరికాలో ఉన్న మా ఊరివాళ్ళు డబ్బు పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా?

పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నా సరే, విదేశీయుల కిందికే వస్తారు. వాళ్ళ నుంచి తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. అవి లేకుండా మీ సొంత ఖాతాలో వేయించుకుని ఖర్చుపెడితే చట్టం ముందు మీరే జవాబుదారీ. ఊరికి వచ్చినప్పుడు నాలుగు రోజులు తరగతిలో కూర్చోమనండి. భారత పాస్‌పోర్టు ఉన్న అన్నదమ్ములో బంధువులో ఇక్కడ ఉంటే, తమ సొంత డబ్బుతో ఒక మాస్టారి ఏడాది జీతం భరించమని వాళ్ళను అడగండి.